బస్సు దిగిన ఆవిడ

ఆవిడ దిగిపోయింది. బస్సు కదిలింది. కిటికీ పక్కన కూర్చున్న రామచంద్రమూర్తి తల తిప్పి చూడలేదు. చూడకపోయినా అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. టబ్బు రోడ్డు పక్కన దబ్బున దిగిన చప్పుడు, దాని మీద గోనెపట్టా సర్దుకుంటూ ఆవిడ గొణిగిన గొణుగుడు, కండక్టరు తలుపు లాగి "రైట్" అనడం, బస్సంతా ఒక్కసారి ఊపిరి వదిలి సీట్లలో వెనక్కి వాలడం. పక్క సీటాయన ముక్కు మీంచి జేబురుమాలు తీసి, నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుంటూ, "హమ్మయ్య! అసలు ఈ చేపల టబ్బులు బస్సు ఎక్కనివ్వకూడదండీ," అన్నాడు. రామచంద్రమూర్తి తల ఊపాడు. ఊపకుండా ఉండొచ్చు. ఎవరూ ఊపమని బలవంతపెట్టలేదు. నోరు మూసుకుని కూర్చోవడం ఒక తప్పు, అది భయం వల్ల జరిగిందనుకోవచ్చు, మరి ఈ తల ఊపడం దేనివల్ల జరిగింది? ముప్ఫై ఒక్క ఏళ్లు పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి తల అది. గుడివాడలోనూ బందర్లోనూ రోడ్డు మీద ఎదురైతే పిల్లలు సైకిళ్లు దిగి నమస్కారం పెట్టిన తల.

వాసన చేపలది కాదు. ఆ సంగతి బస్సులో నలభై మందిలో అతనొక్కడికే తెలుసు. ఒళ్లో పెట్టుకున్న చేతిసంచీ కింద, చొక్కా కింద, బనీను కింద, ఎడమ అరచేత్తో పొట్టని అదిమి పట్టుకుని కూర్చున్నాడు. ఆ అరచేతికి వెచ్చగా, తడిగా తగులుతోంది. ఆరేళ్ల కిందట పెద్దపేగు చివర కేన్సరని తేలితే గుంటూరులో ఆపరేషన్ చేసి, కింది దారి మూసేసి, పొట్ట మీద ఎడంపక్కన పేగు కొసని బయటికి తీసి కుట్టారు. దాని మీద అంటించుకునే బ్యాగు. అప్పటినుంచీ లోపలిదంతా అందులోకే వస్తుంది, చెప్పా పెట్టకుండా, ఎప్పుడు పడితే అప్పుడు. ప్రాణం దక్కింది, ఇక బతికినన్నాళ్లూ ఇదే మీ దారి అన్నాడు డాక్టరు. ఇంట్లో దానికి పేరు లేదు. భార్య వసుంధరా తనూ 'అది' అనుకుంటారు. అది మార్చుకున్నారా, అది అయిపోవస్తోంది, అది తెచ్చుకోండి. బందర్లో అది దొరికే మందుల షాపు ఒక్కటే, విజయవాడ నుంచి రావాలి, రేపొస్తాయి మాష్టారూ, ఎల్లుండి తప్పకుండా అంటూ షాపతను పది రోజులు గడిపాడు. మిగిలినవి రెండు. ఒకటి ఒంటి మీద, ఒకటి చేతిసంచీలో. మూడురోజులకోసారి మార్చాల్సినదాన్ని ఐదోరోజు దాకా లాక్కొచ్చాడు. పొద్దున బయల్దేరేటప్పుడే వసుంధర అంది, ఉన్నదేదో కొత్తది పెట్టుకుని వెళ్లండి, ఎండ, చెమట, గతుకుల రోడ్డు అని. దారిలో ఏమైనా అయితే ఉండొద్దూ అన్నాడు తను. దారిలో అయింది. లంకపల్లి దాటాక ఒక గుంతలో బస్సు ఎగిరి పడినప్పుడు అంచు చిన్నగా లేచినట్టు అనిపించింది, ఆ తర్వాత రెండు నిమిషాలకి వెనక సీట్లో ఎవరో "అబ్బ, ఏంటీ కంపు" అన్నారు.

ఏంటీ కంపు, ఎక్కణ్ణుంచీ, అద్దాలు తెరవండి, తెరిచే ఉన్నాయి కదండీ. వెతికే మనుషుల ముక్కులకి దారి చూపిస్తున్నట్టుగా రెండు సీట్ల వెనక ఆవిడ, కాళ్ల దగ్గర నీలం రంగు టబ్బు, దాని మీద గోనెపట్టా. అరవయ్యేళ్లుంటాయి. గిలకలదిండి మనిషో, మంగినపూడి వైపు మనిషో, బందరు బస్టాండులో తన వెనకాలే ఎక్కింది. ఇంక వెతకాల్సిన పని లేకపోయింది ఎవరికీ. "నీ టబ్బేనామ్మా?" అన్నాడు కండక్టరు. "ఎండు సరుకు బాబూ. తడిది ఒక్కటి లేదు. నెత్తళ్లు, సావిళ్లు. కావాలంటే పట్టా తీసి చూడు." "ఎండుదో పచ్చిదో, అందరూ గొడవ చేస్తన్నారు." "చల్లపల్లి దాకా టికెట్టు కొట్టావుగా." "కొడితే కొట్టాను. వెనకాల ఇంకో బస్సొస్తది. దిగమ్మా." అప్పుడు ఆవిడ లేచి నిలబడి, కండక్టరుతో కాకుండా, బస్సులో ఒక్కొక్క మొహమే చూస్తూ వచ్చింది. ఒక్కరైనా తన వైపు మాట్లాడతారేమోనని చూస్తోందనుకున్నాడు ముందు. అతని దగ్గరికొచ్చేసరికి ఆ చూపు ఆగింది. మొహం మీద కాదు, చేతిసంచీ కిందికి దూరిన చెయ్యి మీద. ఎంతసేపు? రెండు గుటకలు మింగేంతసేపు. ఆ తర్వాత కొంగు బిగించి, "సరే బాబూ, ఆపు. దిగుతా," అంది. ఎందుకలా చూసింది, ఏం తెలిసి చూసింది? ఏమీ తెలియదు, ఊరికే చూసింది, అందర్నీ చూసినట్టే తననీ చూసింది. ఊరికే చూస్తే తనకి ఒళ్లంతా ఎందుకు చెమట పట్టింది?

మానవ శరీరంలో సిగ్గుపడాల్సిన భాగం ఒక్కటీ లేదర్రా. ఎవరి గొంతు అది? తనదే. గుడివాడ హైస్కూలు, తొమ్మిదో తరగతి, జీర్ణవ్యవస్థ. నల్లబల్ల మీద రంగు సుద్దలతో ఆహారవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు పసుపు, పెద్దపేగు ఎరుపు, చివర పురీషనాళం. ఆ మాట రాగానే వెనక బెంచీల్లో కిసుక్కున నవ్వు, ఆడపిల్లలు పుస్తకాల్లోకి తలలు దించుకోవడం. ప్రతి ఏడూ అక్కడ సుద్దముక్క కింద పెట్టి అదే మాట చెప్పేవాడు. నవ్వినవాణ్ణి లేపి పురీషనాళం అని మూడుసార్లు గట్టిగా అనిపించేవాడు. ఎంత ధైర్యం! ఆరోగ్యంగా ఉన్న పేగులు లోపల పెట్టుకుని ఎంత ధైర్యంగా చెప్పాడు! పక్కసీటాయన మళ్లీ ముక్కు ఎగబీలుస్తున్నాడు. "ఇంకా పోలేదు చూశారా? బస్సుకి పట్టేసింది వెధవ కంపు." ఆవిడ దిగి ఐదు నిమిషాలైంది, గాలంతా మారిపోయింది, అయినా వాసన ఇక్కడే ఉంది. ఇప్పుడైనా ఒక్కళ్లకైనా అర్థం కాదేం? కాదు. మనుషులు ఒకసారి ఎవరిదో తేల్చుకున్నాక ఇంక ముక్కుని కూడా నమ్మరు.

జేబులో ఫోను మోగింది. కుడిచేత్తో తీశాడు, ఎడంచెయ్యి కదిలించే వీల్లేదు. "మాష్టారాండీ? నేనండీ, బాబ్జీనండీ. నాగాయలంకండీ." ఆ గొంతు వినడం అదే మొదటిసారి. ముప్ఫై నాలుగేళ్లట, సముద్రం మీదకి వెళ్లే మనిషి. రెండు నెలల కిందట ఇదే ఆపరేషన్. బందరు ఆసుపత్రిలో ఇలాంటివాళ్లని చూసే నర్సు జ్యోతిర్మయి అతని సంగతి చెప్పి, ఒక్కసారి వచ్చి మాట్లాడండి మాష్టారూ, మీలాంటివాళ్లు చెబితే వింటాడు అని మూడుసార్లు ఫోన్ చేసి బతిమాలింది. ఇవాళ తను బయల్దేరింది ఆ మనిషి దగ్గరికే. "ఎక్కడిదాకా వచ్చారా అనండీ. ఏం తొందర లేదులెండి." "చల్లపల్లి వస్తోంది బాబ్జీ." "అలాగేనండీ. ఒకటడగనాండీ? మీరొచ్చాక అడుగుదామనుకున్నా, మా అమ్మ ముందు అడగలేనని ఇప్పుడే చేశాను. గురువారం చెకప్పుకి రమ్మన్నారు. బస్సులో రావాలి గదండీ." బస్సు శబ్దం, అవతల ఎక్కడో కోడి. "బస్సులో వాసనొస్తే ఏం చేస్తారండీ మీరు?"

పక్కసీటాయన మోచెయ్యి తన మోచేతికి తగులుతోంది. ఆయనకి వినిపించిందా? వినిపించి ఉండదు. "రాదు," అన్నాడు రామచంద్రమూర్తి. "జాగ్రత్తగా ఉంటే రాదు." "ఎప్పుడూ రాలేదాండీ మీకు?" "రాలేదు." "అమ్మయ్య. ఆ మాట చాలండీ," అన్నాడు బాబ్జీ. ఆ గొంతు అంతలోనే తేలికైపోయింది, అదే భరించలేకపోయాడు. ఫోను పెట్టేశాక అది చేతిలో వేడిగా ఉంది. ఎండు చేపల ఆవిడ తన తరఫున బస్సు దిగింది. ఇప్పుడు ఈ పిల్లాడు తన అబద్ధం పట్టుకుని గురువారంనాడు బస్సు ఎక్కుతాడు. అంచు లేస్తుంది. అప్పుడు అనుకుంటాడు, లోకంలో ఇలా జరిగింది నా ఒక్కడికే, మాష్టారికి ఎప్పుడూ జరగలేదు అని. తన ఒక్కడికే అనుకున్న మనిషి ఏం చేస్తాడో రామచంద్రమూర్తికి తెలుసు. ఇంకెప్పుడూ బస్సు ఎక్కడు.

చల్లపల్లిలో బస్సు పూర్తిగా ఆగకముందే లేచాడు. చేతిసంచీ పొట్టకి అడ్డం పెట్టుకుని, ఎవరికీ వీపు తగలకుండా, పక్కకి నడిచే పీతలా నడిచి దిగాడు. బస్టాండు మరుగుదొడ్డికి గడియ లేదు. ఒక కాలు తలుపుకి ఆనించి, చేతిసంచీ పళ్లతో కరిచి పట్టుకుని, ఒంటిచేత్తో చొక్కా బొత్తాలు విప్పాడు. సంచీ తగిలించడానికి మేకు లేదు, కొత్తది పెట్టుకోవడానికి జానెడు గట్టు లేదు, పాతది పడెయ్యడానికి డబ్బా లేదు. దారం లాగా వస్తోంది కుళాయి. తుడుచుకుంటూ పొట్ట మీది పేగు కొసవైపు చూశాడు. రోజూ చూస్తూనే ఉన్నాడు గానీ చూపు ఆనించి చూడడు. ఎర్రగా, తడిగా, దొండపండంత. దానికి నొప్పి తెలియదు, గిల్లినా తెలియదు, అక్కడ నొప్పి తెలిపే నరాలుండవు అని డాక్టరు చెబితే ఆశ్చర్యపోయాడు అప్పట్లో, జీవశాస్త్రం మాష్టారై ఉండి. పాపం అది ఆరేళ్లుగా ఒక్కరోజు మానకుండా పనిచేస్తోంది, మూసేసిన దారి చెయ్యాల్సిన పని చేస్తోంది, దాని వల్ల తను అన్నం తింటున్నాడు, తిరుగుతున్నాడు. దాచింది దాన్నా, తననా? చివరి బ్యాగు అంటించి, అరచేత్తో వెచ్చబెట్టి వంద అంకెలు లెక్కపెట్టాడు. చొక్కా అంచు తడిపి పిండుకున్నాడు. పాతదాన్ని వార్తాపత్రికలో చుట్టి, పాలిథిన్‌లో కట్టి, సంచీ అడుగున పెట్టుకున్నాడు. బయటికొచ్చేసరికి తను వచ్చిన బస్సు ఇంకా అక్కడే ఉంది. "అవనిగడ్డ, అవనిగడ్డ" అని అరుస్తున్నాడు కండక్టరు. అతన్ని చూసి, "రండి సార్, బయల్దేరుతున్నాం," అన్నాడు మర్యాదగా. సార్. రామచంద్రమూర్తి చెయ్యి అడ్డంగా ఊపాడు. బస్సు వెళ్లిపోయింది.

బందరు రోడ్డు ఊళ్లోకి తిరిగేచోట ఒక సోడా బండి, దాని పక్కన సిమెంటు బల్ల. అక్కడ కూర్చున్నాడు. ఆవిణ్ణి దింపినచోటి నుంచి ఇక్కడికి నాలుగు కిలోమీటర్లుంటుంది. వెనక బస్సు వచ్చింది, అందులో లేదు. ఆటోలు వస్తున్నాయి, ఒక్కొక్కదానిలోకీ తొంగి చూస్తున్నాడు, కాలేజీ పిల్లలు, ధాన్యం బస్తాలు, ఎవరో పెళ్లివాళ్లు. ఆవిడ చల్లపల్లికే వస్తుందని ఏముంది, అక్కడే ఏ పల్లెలోకో తిరిగి అమ్ముకుంటూ వెళ్లిపోయి ఉండొచ్చు. వస్తే మాత్రం ఏం చెబుతాడు? ఏమ్మా, పొద్దున నా వల్ల... కాదు. చూడమ్మా, నాకొక జబ్బు... అదీ కాదు. జబ్బుని ముందుకు నెట్టి దాని వెనకాల దాక్కోవడం అవుతుంది. దాక్కోవడం తనకి బాగా వచ్చు. ఆసుపత్రిలో నెలకోసారి, రెండో శనివారం, బ్యాగులున్నవాళ్లనందర్నీ ఒకచోట కూర్చోబెడుతుంది జ్యోతిర్మయి. ఒక్కసారి వెళ్లాడు, మాస్కు పెట్టుకుని, టోపీ పెట్టుకుని. పేరు చెప్పమంటే సుబ్బారావు అన్నాడు. జ్యోతిర్మయి చేతిలో అతని ఫైలు ఉంది, అయినా ఆ అమ్మాయి కనురెప్ప కదపకుండా "రండి సుబ్బారావుగారూ" అంది. గుండ్రంగా వేసిన కుర్చీల్లో ఒక ఆటో డ్రైవరు, ఒక రైల్వే ఆయన, పెడన నుంచి కలంకారీ అచ్చులు వేసే ఆవిడ. ఆవిడైతే జాకెట్టు అంచు కాస్త ఎత్తి, అందరికీ కనబడేలా చూపించింది. బ్యాగుకి ఒక గుడ్డ తొడుగు, ముదురెరుపు మీద నల్ల లతలు. "అచ్చు సరిగ్గా పడని ముక్కలు ఊరికే పోతాయి కదండీ, వాటితో కుట్టా. ప్లాస్టిక్ ఒంటికి అంటుకోకుండా హాయిగా ఉంటది. అందరికీ తెచ్చా," అని తలా ఒకటి పంచింది. పదిమంది ముందు ఆవిడ నవ్వుతూ మాట్లాడుతుంటే రామచంద్రమూర్తికి తన ఒంటి మీద బట్టలు ఊడదీస్తున్నట్టయింది. ఇప్పుడే వస్తానని లేచి మళ్లీ వెళ్లలేదు. ఆ తొడుగు బీరువాలో పాత కాగితాల కింద పెట్టాడు. ఏడాది తర్వాత వసుంధర చూసి, "ఇదేమిటండీ, ఎంత బాగుందో, ఎందుకు వాడుకోరు?" అంటే, ఆవిడ మీద అరిచాడు. ఆపరేషన్ నుంచి ఇంటికొచ్చిన మొదటి నెల ఒక్కరోజు కూడా మొహం చిట్లించకుండా తనని శుభ్రం చేసిన మనిషి మీద.

నెత్తి మీద టబ్బుతో ఎవరో వస్తున్నారు. కాదు, ఆవిడ కాదు, గడ్డిమోపు. ఎండ పెరిగింది. నాలుగు కిలోమీటర్లు. దాక్కోవడం కోసం ఏం చెయ్యలేదు? గుడివాడలో చెల్లెలి కూతురు హరిణి పెళ్లికి రెండు రోజులు పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు తను. బ్యాగు ఖాళీగా ఉండాలి, పీటల మీద అక్షింతలు వేసేవేళ ఏ చప్పుడూ రాకూడదు. తాళి కట్టే వేళకి కళ్లు తిరిగి స్తంభం పట్టుకుంటే, మావయ్యకి ఎంత ప్రేమో, ఏడుపు ఆపుకోలేకపోతున్నాడు అనుకున్నారందరూ. ఆ ప్రేమని కూడా ఉంచేసుకున్నాడు, కాదనలేదు. బాబ్జీ కోసం జ్యోతిర్మయి మొదటిసారి ఫోన్ చేస్తే కళ్ల పరీక్ష ఉందన్నాడు. రెండోసారి చుట్టాలొచ్చారన్నాడు. మూడోసారి ఫోను వసుంధర చేతికిచ్చి లేనని చెప్పించాడు. బాబ్జీ అప్పటికి ఆసుపత్రిలోనే ఉన్నాడు, ఆటోలో పది నిమిషాల దూరంలో, గోడవైపు తిరిగి పడుకుని. నాలుగోసారి ఆ అమ్మాయి బతిమాలలేదు. "డిశ్చార్జ్ అయి వెళ్లిపోయాడండీ. ఇంటికెళ్లాక తిండి మానేశాడట. తింటే నిండుతుంది కదా అంటున్నాడట. వాళ్లమ్మ ఫోన్లో ఏడుస్తోంది. మీకు చెప్పాలనిపించి చెప్పాను, అంతే, ఉంటాను," అని పెట్టేసింది. ఆ రోజు మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని కలుపుకోలేకపోయాడు. తింటే నిండుతుంది కదా. ఆ మాట తన మాట. ఎవరికీ చెప్పని తన మాట నాగాయలంకలో ఒక పల్లెపిల్లాడికి ఎలా తెలిసింది?

ఇవాళ వాడికి చెప్పడానికి ఏం సిద్ధం చేసుకొచ్చాడు? ఒక తెల్లకాగితం మీద రాసుకున్నాడు కూడా. తినవలసినవి, మానవలసినవి, చర్మం ఒరుసుకుపోకుండా జాగ్రత్తలు. ఆఖర్న, కింద గీతగీసి: ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. ఆ కాగితం జేబులోంచి తీసి చూశాడు. చేతిరాత బాగుంది, పాఠం రాసినట్టు గుండ్రంగా. ఆ ఆఖరి వాక్యం ఇంకెవరో రాసినట్టుంది. కాగితం మళ్లీ జేబులో పెట్టి ఫోను తీశాడు. ఒక్క రింగుకే ఎత్తాడు బాబ్జీ.

"చెప్పండి మాష్టారూ. అవనిగడ్డ దాటారాండీ?"

"లేదు. చల్లపల్లిలోనే ఉన్నాను. బాబ్జీ, నువ్వు ఇందాక అడిగినదానికి నేను అబద్ధం చెప్పాను." సోడా బండి మనిషి అటు తిరిగి సీసాలు కడుగుతున్నాడు. వింటే విననీ అనుకోలేదు, గొంతు తగ్గించాడు, అయినా ఆపలేదు. "నువ్వు ఫోన్ చేసినప్పుడు వస్తూనే ఉంది. నాదే. బస్సులో అందరూ ఒక చేపలావిడ మీద పడ్డారు. ఆవిణ్ణి దారి మధ్యలో దించేశారు. నేను నోరు మెదపలేదు."

"మా అమ్మని కూడా అట్టాగే దించేవోళ్లండీ," అన్నాడు బాబ్జీ. గొంతులో కోపం ఉంది. దాచుకోలేదు. "చిన్నప్పుడు నేను పక్కనుండగానే. ఆవిడకి చెప్పారాండీ?"

"లేదు. ఇక్కడ కూర్చున్నాను. వస్తుందేమోనని."

"చెప్పి రండి అయితే. ఎంతసేపైనా పర్లేదు. నేనెక్కడికి పోతాను?" అన్నాడు. పెట్టెయ్యబోతూ ఆగి, "వాసన నిజంగా వచ్చిందాండీ? మీక్కూడా?" అన్నాడు.

"వచ్చింది. ఆరేళ్లలో చాలాసార్లు వచ్చింది."

"ఊఁ," అన్నాడు బాబ్జీ. ఆ 'ఊఁ'లో ఏముందో రామచంద్రమూర్తికి తెలియలేదు. గౌరవం మాత్రం లేదు. లేకపోవడమే న్యాయంగా ఉంది.

ఇంకో పావుగంట గడిచిందో, అరగంట గడిచిందో. గడియారం చూడలేదు. రోడ్డు మీద ఎండ నీళ్లలా అలలు పోతుంటే ఆ అలల్లోంచి ముందు నీలం టబ్బు, తర్వాత దాన్ని పట్టుకున్న ఒక చెయ్యి, తర్వాత ఆవిడ. చెప్పులు లేవు. తారు కాలుతుందేమో, రోడ్డంచున గడ్డి మీద నడుస్తోంది. సోడా బండి దగ్గరికొచ్చి, "కాస్త దించు నాయనా," అంటే బండి మనిషి చేతులు తుడుచుకుని వచ్చి టబ్బు దింపాడు. "ఏంటి చిట్టెమ్మా, నడిచొచ్చావ్?" "బస్సోడు దించేశాడు. వెనక బస్సోడూ, ఆటోవోళ్లూ టబ్బు చూసి ఆపలా," అంది, అంతే, అంతకంటే ఏమీ చెప్పలేదు. నెత్తి మీది చుట్టగుడ్డ తీసి మెడ తుడుచుకుంటోంది. చిట్టెమ్మ. పేరుండి, ఈ ఊళ్లో ఆ పేరు తెలిసినవాళ్లుండి, తరచూ వచ్చిపోయే మనిషి. రామచంద్రమూర్తి లేచి నిలబడ్డాడు. అనుకున్న వాక్యాలన్నీ పోయాయి.

"అమ్మా. పొద్దున బస్సులో... ఆ వాసన నీ టబ్బుది కాదు. నాది. నాకు పొట్ట మీద..." అని చెయ్యి అక్కడ పెట్టాడు.

ఆవిడ మెడ తుడుచుకోవడం ఆపలేదు. "తెలుసు," అంది.

"తెలుసా?"

"మా ఆయన మూడేళ్లు మంచంలో ఉండి పోయాడు బాబూ. అన్నీ నేనే ఎత్తా. ఎండు చేప వాసనేదో, మనిషి వాసనేదో నాకు తెలీదా? మీ చెయ్యి చూడంగానే అర్థమైంది."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే మిమ్మల్ని చూసేవోళ్లు అందరూ. నాకైతే అలవాటే." సోడా తీసుకుని రెండు గుక్కల్లో తాగేసింది. సీసా తిరిగిస్తూ అతని మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండుననుకున్నాడు. "కానీ బాబూ, మీదని మీరు చెప్పక్కర్లా. ఎవరు చెప్పుకుంటారు? నాది కాదని ఒక్క మాట అనుంటే సరిపోయేది. పెద్దమనిషి, చదువుకున్నోరు. మీరు అంటే వినేవోళ్లు."

ఆ దారి ఒకటి ఉందని గంటసేపు బల్ల మీద కూర్చున్నా తట్టలేదు. తనని బయటపెట్టుకోవడమా, నోరు మూసుకోవడమా, రెండే దార్లనుకున్నాడు. "ఆవిడది కాదండీ" అంటే చాలు. రెండు మాటలు. బొత్తిగా ధైర్యం అక్కర్లేని మాటలు. సిగ్గుతో ఆరేళ్లుగా తన పొట్ట తప్ప ఇంకేమీ చూడని మనిషికి, పక్కన ఇంకో మనిషి నిలబడి ఉందని ఎలా కనబడుతుంది? తల దించుకుంటే ఆవిడ పాదాలు కనిపించాయి, మడమల దగ్గర పగిలి, దుమ్ము కొట్టుకుని. "తప్పయిపోయిందమ్మా," అన్నాడు.

"అయింది," అంది చిట్టెమ్మ. కాదనలేదు, పర్లేదనలేదు. చుట్టగుడ్డ నెత్తిన పెట్టుకుంది. బండి మనిషి ఎవరికో సోడా కొడుతున్నాడు. "ఇంకా రెండు వీధులు తిరగాల. టబ్బు కాస్త ఎత్తండి."

రామచంద్రమూర్తి వంగాడు. వంగి, ఆగిపోయాడు. "బరువులు ఎత్తకూడదన్నారమ్మా డాక్టర్లు. ఇక్కడ చీలిపోతుందని..." అన్నాడు, అది కూడా చాతకానందుకు చచ్చిపోవాలనిపిస్తుండగా. ఆవిడ ఒక్కక్షణం అతన్ని చూసి, నడుం మీద చెయ్యేసుకుని నవ్వింది. మొదటిసారి నవ్వింది. "సరిపోయింది! సరే, బరువు నేనే ఎత్తుకుంటా. మీరా పక్కన ఒక చెయ్యి వెయ్యండి, ఒరిగిపోకుండా. అంతే."

ఆవిడ గొంతుక్కూర్చుంది. అతను కుడిచెయ్యి టబ్బు అంచు కింద పెట్టాడు, కాసేపటికి పొట్ట మీంచి ఎడంచెయ్యి కూడా తీసి పెట్టాడు. "ఊఁ, లేస్తన్నా," అంది. మోకాళ్లు చప్పుడు చేస్తూ ఆవిడ లేచింది, ఆవిడతో పాటు టబ్బు లేచింది, టబ్బుతో పాటు అతని చేతులు, ఆవిడ నెత్తి దాకా, బజార్లో అందరూ చూస్తుండగా.